మూర్తిగారు, మాణిక్యం, మధ్యలో భయం

టెక్కలి మొత్తానికి నారాయణమూర్తి గారంత పిరికివాడు లేడు. ఇది గిట్టనివాళ్ళు పుట్టించిన మాట కాదు. ఆయనే స్వయంగా ఊరంతా చెప్పుకున్నాడు. ఏ పనైనా సరే, "నాకు భయమండీ" అని ముందు ప్రకటించి గానీ మొదలుపెట్టేవాడు కాదు. మంగలి కత్తి తీస్తే, "నాకు భయం. అక్కడ చెవి ఉందని గుర్తుంచుకో" అనేవాడు. పలాస బస్సెక్కితే టికెట్టు కన్నా ముందు కండక్టరుకి ఆ సంగతి చెప్పేవాడు.

"బాబూ, నాకు భయం. డ్రైవరుకి చెప్పు."

"ఏటని సెప్పమంటారు?"

"నేనెక్కానని."

ఆటోలో కూడా హెల్మెట్ తియ్యడు. కుక్కరు మూడో విజిల్ వేసేసరికి వీధిలో ఉంటాడు. అలాంటి మనిషి తహసీల్దారు ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన మర్నాడు, గుర్రాలకీ కుక్కలకీ పిల్లులకీ చేతులతో మెల్లగా నిమిరి ఒళ్ళు సడలించే విద్య నేర్చుకుంటానన్నాడు. భార్య సరోజిని నుదురు పట్టుకుని చూసింది. జ్వరం లేదు. విశాఖపట్నంలో పదిహేను రోజులు ఒక గురువు దగ్గర, ఆపైన ఆరు నెలలు ఫోన్లో పాఠాలు. అయ్యాక అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు. "విద్య వచ్చింది. భయం పోలేదు."

కాశీబుగ్గలో పెళ్ళిగుర్రం నడిపే ఢిల్లీరావుకి ఇవేవీ తెలియవు. అతని బెంగంతా మాణిక్యం గురించి. మాణిక్యం అతని తెల్ల ఆడగుర్రం. ఏడేళ్ళుగా చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళికొడుకులందరినీ అదే మోసింది. కార్తీకమాసంలో నందిగాంలో ఊరేగింపుకి సిద్ధమవుతుండగా, ఎవడో వెలిగించిన టపాకాయల దండ సరిగ్గా దాని కాళ్ళ కింద పేలింది. పెళ్ళికొడుకు ఇంకా ఎక్కలేదు కాబట్టి బతికిపోయాడు. కళ్లెం చేతికి చుట్టుకున్న ఢిల్లీరావుని మాత్రం గుర్రం వంద గజాలు రోడ్డు మీద ఈడ్చుకుపోయింది. భుజం కీలు తప్పింది.

భుజం సర్దుకుంది. గుర్రం సర్దుకోలేదు. ఎవరు చెయ్యెత్తినా ఒళ్ళంతా కొయ్యలా బిగబట్టేది. తెల్లగుడ్లు కనపడేలా కళ్ళు తిప్పి వెనక్కాళ్ళు లేపేది. అసలు రహస్యం ఏమిటంటే, ఢిల్లీరావు కూడా సర్దుకోలేదు. షెడ్డు గుమ్మం దాటేవాడు కాదు. దాణా బకెట్టుని పొడుగాటి వెదురుగడతో లోపలికి నెట్టేవాడు.

"అదేటి, గడతో పెడతన్నావు?" అని భార్య మంగమ్మ అడిగింది.

"భుజం నొప్పే" అన్నాడు.

తాత, తండ్రి గుర్రాల మధ్యే బతికారు. ఆ ఇంట్లో పుట్టినవాడు గుర్రమంటే భయమని నోటితో ఎలా అంటాడు? బరంపురం నుంచి ఒకాయన వచ్చి మాణిక్యాన్ని చూసి, కొనుక్కుని నెలాఖరుకి తోలుకుపోతానన్నాడు. ఢిల్లీరావు సరేనలేదు, కాదనలేదు. మూడు రోజులు అన్నం మాత్రం సరిగ్గా తినలేదు.

పశువుల డాక్టరమ్మ గుర్రాన్ని దూరం నుంచీ దగ్గర నుంచీ పరీక్ష చేసింది. "ఎముకలకి ఏమీ కాలేదు. భయంతో ఒళ్ళు బిగుసుకుపోయింది. టెక్కలి నుంచి ఒకాయనని పంపిస్తాను. కొంచెం వింత మనిషి, ఏమీ అనుకోకు" అంది.

ఆ వింత మనిషి హెల్మెట్‌తో ఆటో దిగాడు.

"ఢిల్లీరావంటే నువ్వేనా? నాకు గుర్రాలంటే చచ్చేంత భయమయ్యా. నువ్వు ముందు నడు."

ఢిల్లీరావు ఒక అడుగు వెనక్కి వేశాడు. "డాట్రమ్మ పంపింది మిమ్మల్ని గదా బాబుగోరూ, మీరే నడవండి."

"నాకు భయమన్నానా?"

"నాకు భుజం నొప్పండి."

"భుజంతో నడుస్తావేటి?"

ఇరవై నిమిషాలు ఇద్దరూ గేటు దగ్గరే నిలబడ్డారు. మంగమ్మ టీ తెచ్చి అక్కడే ఇచ్చింది. చివరికి మాణిక్యానికే విసుగొచ్చి షెడ్డులోంచి తల బయటపెట్టి చూసింది. ఇద్దరూ ఒక్క గెంతున జామచెట్టు వెనక్కి చేరారు. టీ గ్లాసులు మాత్రం గేటు దగ్గరే పగిలాయి.

ఆ రోజు మూర్తిగారు గుర్రాన్ని ముట్టుకోలేదు. దూరంగా స్టూలు వేసుకుని కూర్చుని, "అమ్మా మాణిక్యం, నేను నారాయణమూర్తిని. నాకు నువ్వంటే భయం, నీకు నేనంటే భయం. తొందరేం లేదు" అని చెప్పి వెళ్ళిపోయాడు. మర్నాడు స్టూలు రెండడుగులు ముందుకి జరిగింది. ఆ మర్నాడు ఇంకో రెండడుగులు. ప్రతిరోజూ ఢిల్లీరావు స్టూలు కూడా పక్కనే ఉండాలి. "నువ్వు లేకపోతే నాకు భయం" అనేవాడాయన. ఢిల్లీరావు కాదనలేకపోయేవాడు.

ఆరో రోజు మూర్తిగారు లేచి గుర్రం మెడ పక్కన నిలబడ్డాడు. చెయ్యి చాపాడు. మాణిక్యం చెవులు వెనక్కి పోయాయి. ఆయన వెంటనే చెయ్యి తీసేశాడు.

"తీసేసినారేటి?" అన్నాడు ఢిల్లీరావు.

"వద్దంది కదా."

కాసేపాగి మళ్ళీ చాపాడు. ఈసారి చెవులు కదల్లేదు. అప్పడం మీద అది విరక్కుండా చెయ్యి ఎలా వేస్తామో, అలా ఆనించాడు. నొక్కలేదు, రుద్దలేదు. ఊరికే ఉంచాడు. ఉన్నట్టుండి, "బాబోయ్, నా చెయ్యి వణుకుతోంది ఢిల్లీరావూ! నీ చెయ్యి నా చేతి మీద వెయ్యి, త్వరగా!" అన్నాడు.

ముసలాయన పడిపోతాడేమోనని ఢిల్లీరావు పరుగెత్తాడు. కళ్ళు గట్టిగా మూసుకుని ఆయన చేతి మీద చెయ్యేశాడు. కింద చెయ్యి వణకడం లేదు. వణుకుతున్నది తనదే. మరుక్షణం కింద చెయ్యి మెల్లగా జారిపోయింది. కళ్ళు తెరిచేసరికి తన అరచేతి కింద మాణిక్యం వెచ్చటి మెడ ఉంది. నాలుగు నెలల తర్వాత.

"ఉంచు. అది ఊపిరి వదిలేదాకా ఉంచు" అన్నాడు మూర్తిగారు రెండడుగుల దూరం నుంచి.

మాణిక్యం పెద్దగా నిట్టూర్చింది. పెదాలు నాక్కుంది. తర్వాత పళ్ళన్నీ బయటపెట్టి ఇంత నోరు తెరిచింది. "కరిసీసింది!" అని ఢిల్లీరావు కేకేశాడు. "అయ్యో!" అని మూర్తిగారు అంతకన్నా గట్టిగా కేకేశాడు. చూస్తే అది ఆవలింత. ఒళ్ళు సడలితే గుర్రాలు అలా ఆవలిస్తాయని పాఠంలో ఉందట. "ఉన్నాది సరే, ముందు సెప్పాలి గదా!" అన్నాడు ఢిల్లీరావు, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో.

నెల తిరిగేసరికి మాణిక్యం మెడ నుంచి తోక దాకా ఢిల్లీరావు చేతికి అలవాటైంది. మూర్తిగారు మాత్రం ప్రతిరోజూ "నాకు భయమయ్యా, నువ్వే చెయ్యి" అంటూ పక్కన కూర్చుని పని చెప్పేవాడు. బరంపురం ఆసామి వస్తే మంగమ్మే గేటులోంచి తిప్పి పంపింది.

ఆ ఆదివారం ఢిల్లీరావు ఒక పనసకాయ భుజాన వేసుకుని టెక్కలి వెళ్ళాడు. మూర్తిగారి పెరట్లో ఒక నల్లకుక్క ఉంది, దూడంత ఉంది. ముగ్గురిని కరిచిందని వీధంతా హడలిపోయే కుక్క. మూర్తిగారు నేల మీద కూర్చుని దాని నడుము మీద చెయ్యి ఆనించి ఏదో కూనిరాగం తీస్తున్నాడు. హెల్మెట్ లేదు. వణుకూ లేదు. కుక్క తల ఆయన ఒళ్ళో ఉంది.

ఢిల్లీరావు పెరటి గుమ్మంలోనే, సరోజిని పక్కన ఆగిపోయాడు. "అమ్మగోరూ, ఈయనకి భయం నేదేటి?"

సరోజిని నవ్వింది. "బస్సంటే భయమే, కుక్కరంటే భయమే. అవి నిజం. మీ గుర్రమంటే భయం మాత్రం మీ ఇంటికొచ్చిన మొదటి మూడు రోజులే."

"మరి మాకాడ నెల్రోజులూ…"

"నీ గురించే నాయనా. మొదటి రోజు ఇంటికొచ్చి, 'ఆ గుర్రం కన్నా ఆ మనిషి ఎక్కువ హడలిపోయున్నాడు సరోజా, పాపం నోరు విప్పలేకపోతున్నాడు. ఇద్దరిలో ఒకరైనా ఆ మాట అనాలి కదా, నేనే అంటాను, నాకెలాగూ అలవాటే' అన్నారు. నేను చెప్పానని అనకు."

ఢిల్లీరావు అనలేదు. పనసకాయ గుమ్మంలో దించి, ఆయన తల ఎత్తకముందే వచ్చేశాడు. దారిలో బస్సు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కళ్ళల్లో దుమ్ము పడిందని పక్కవాడితో చెప్పాడు.

వైశాఖంలో సుమ్మాదేవి అనే ఊళ్ళో పెళ్ళి. ఎండ దిగాక మాణిక్యం ముస్తాబై నిలబడింది. ఢిల్లీరావు ముందుకొచ్చి పెళ్ళివారందరూ వినేలా చెప్పాడు. "టపాకాయలు పేల్సకూడదు. పేలిస్తే గుర్రాన్ని తోలుకుపోతాను."

"ఏటి, గుర్రానికి అంత భయమేటి?" అని పెళ్ళికొడుకు మావ ఎగతాళి చేశాడు.

"దానికీ భయమే, నాకూ భయమే" అన్నాడు ఢిల్లీరావు.

జనం గొల్లుమన్నారు. అతనికి సిగ్గేమీ వెయ్యలేదు. బ్యాండు మొదలైంది. నాలుగడుగులు వేశారో లేదో, పైనుంచి పెళ్ళికొడుకు వంగి అతని చెవిలో గుసగుసగా అన్నాడు.

"అన్నా, ఎక్కినకాడి నుంచి నాకూ భయమేత్తంది. ఎవులికీ సెప్పకు."

ఢిల్లీరావు నడక తగ్గించాడు. జీను సర్దుతున్నట్టు నటిస్తూ పెళ్ళికొడుకు చెయ్యి అందుకుని, దాన్ని మాణిక్యం జూలు కింద మెడ మీద పెట్టాడు.

"ఊరికే అలగ ఉంచు బావూ. వెచ్చగా ఉన్నాదా? ఇంకేటి నేదు, అదీ నీలాగే ఊపిరి తీత్తంది."