గడప ముందు చెంబు నీళ్లు

తిరుమణి దారిలో సోలార్ పలకలను కడిగేటప్పుడు, కింద కాలిన ఎర్రమట్టి మీద ఆ నీళ్లు పడగానే లేచే వాసన తగిలితే చాలు, నాకు మా అవ్వ ఇంటి గడప, దాని పక్కన ఎప్పుడూ నిండుగా ఉండే ఇత్తడి చెంబు గుర్తొస్తాయి.

ఆ పలకల చోట అప్పట్లో వేరుశనగ చేలుండేవి, మా మాటలో చెనక్కాయ. కాయ పీకే రోజుల్లో ఊరంతా పచ్చికాయల వాసన. నిప్పుల మీద కాల్చిన కాయలు ఒడిలో పోసుకుని, వేళ్లు నల్లగా చేసుకుని, అరుగు మీద అచ్చనగండ్లు ఆడుతూ తినేవాళ్లం. ఉగాదికి అవ్వ కాల్చే తియ్యటి ఓళిగల్లో మొదటిది నాకే. ఆ చేలల్లో పలకలు లేస్తున్న ఏడే నాయన నుంచి విడిపోయి, అమ్మ నన్ను తీసుకుని పుట్టిల్లయిన అవ్వ ఇంటికొచ్చింది. నేనెవరి దగ్గర పెరగాలన్నది కోర్టుకెక్కింది. అది తేలేదాకా ప్రతి ఆదివారం నన్ను నాయన దగ్గరకు పంపాలన్నారు.

నాయన నన్ను ముద్దుగానే చూసుకునేవాడు, అబద్ధమెందుకు. పావగడ బస్టాండులో వేడి బోండాలు ఊది ఊది తినిపించేవాడు. సాయంత్రం దింపేటప్పుడు మాత్రం అమ్మకు చేరాల్సిన నిప్పులు నా చెవిలో పోసేవాడు. "మీ యమ్మతో చెప్పు, నిన్ను ఆమె కాడ ఉండనిచ్చేది లేదని" అన్నాడొకసారి. ఆ మాట కడుపులో పెట్టుకుని, ఏడుపు ఆపుకుంటూ ఇంటికి పరుగెత్తాను.

చావింటికి వెళ్లొస్తే మా వైపు కాళ్లు కడుక్కోనిదే గడప దాటనివ్వరు. అమ్మ ఆ ఆచారాన్ని నా ఆదివారాలకు పెట్టింది. "బతికుండే తండ్రి కాడ్నుంచి వచ్చే బిడ్డకు ఇదేం పనే!" అని అవ్వ సణిగినా వినలేదు.

"అమ్మా, నాయన ఏమన్నాడో తెలుసా..."

"ముందు కాళ్లు కడుక్కో పాపా. ఆడ విన్నది ఆ నీళ్లతోనే పోనీ."

నా గోడు ఈమెకు పట్టదని ఎంత ఉక్రోషమో నాకు.

తన మాటలు చేరడం లేదని తెలిసి నాయనే వచ్చాడు. ఫోను ఎత్తి పట్టుకుని, వీధంతా వినేలా అమ్మను నానా మాటలన్నాడు. ఆమె తిరిగి తిడితే దాన్ని కోర్టులో వినిపించాలని ఆయన ఆశ. అమ్మ చెనక్కాయలు ఒలుస్తూనే ఉంది. పప్పులు చేటలో కాక నేల మీద పడుతున్నాయి. చివరికి, "ఆదివారం రా. పాప తయారుగా ఉంటాది" అని మాత్రం అంది.

తర్వాత జడ్జమ్మ నన్ను తన గదిలోకి పిలిచి, మీ అమ్మ మీ నాన్న గురించి ఏం చెబుతుందని మా వైపు కోర్టు భాషైన కన్నడలో మెల్లగా అడిగింది. ఏమీ చెప్పదు, కాళ్లు కడుక్కోమంటుంది అన్నాను. ఎందుకో అడిగి తెలుసుకుని, ఆమె ఆ మాటను కాగితం మీద రాసుకుంది. నన్ను అమ్మ దగ్గరే ఉంచారు, ఆదివారాలు నాయనకిచ్చారు. కొన్నాళ్లకు ఆయన రావడం మానేశాడు. తల దువ్వించుకుని అరుగు మీద కూర్చున్న ఆ ఖాళీ ఆదివారాలను ఇప్పటికీ మరచిపోలేను.

ఇప్పుడు చేలు లేవు, అవ్వ లేదు, అరుగు తీసేసి టైల్స్ వేయించాం. మొన్న అమ్మను అడిగాను, ఆయన ఏమన్నాడో తెలుసుకోవాలని నీకెప్పుడూ అనిపించలేదా అని.

"ఎందుకనిపించదు పాపా? కడుపు కాలిపోతా ఉండె. కానీ అది నీ నోట్నుంచి వినకూడదనుకుంటి."