వీపు మీద పట్టీ

మా మేనత్త పోయిందని మొన్న పొద్దున కేసముద్రం నుంచి బాపు ఫోన్ చేశాడు. "అక్క పోయింది బిడ్డా, జల్ది రా" అన్నాడు, అంతే. జనగామలో రైలెక్కి కూర్చున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు. ఎండలు ముదురుతున్నాయి. పిల్లలు బావుల్లో దూకే రోజులు దగ్గరపడ్డాయి. ఈసారి వాళ్లకు ఈత బట్టలు కుట్టే మనిషి లేదు. అది తలచుకుంటే భయమేస్తోంది.

అత్త జాకెట్లు కుట్టి బతికింది. ఎండాకాలం వస్తే మాత్రం అన్నీ పక్కన పెట్టి చిన్నపిల్లల ఈత డ్రెస్సులే కుట్టేది. నూలు బట్ట ముట్టేది కాదు. "అది నీళ్లు తాగి పోరగాండ్లను కిందికి గుంజుతది" అనేది. నాడా పెట్టేది కాదు, ఎక్కడైనా తట్టుకుంటుందని. ఆకుపచ్చ గుడ్డ తెస్తే మొహం మీదే విసిరికొట్టేది. "పచ్చటి నీళ్లల్ల పచ్చటి అంగీ ఏడ కనవడతదే?" ఆమె పుణ్యమా అని మా ఊరి బావుల్లో పిల్లలంతా కల్లంలో ఎండబోసిన మిరపకాయల్లా ఎర్రగా కనిపించేవాళ్లు.

అన్నిటికన్నా వింత ఆ పట్టీ. డ్రెస్సు వెనక, రెండు భుజాల మధ్య, పెద్దవాళ్ల పిడికిలి దూరేంత వెడల్పుగా మూడు వరసల కుట్టుతో బిగించేది. పిల్లకు తొడిగి, ఆ పట్టీ పట్టుకుని గాల్లోకి లేపి పది లెక్కపెట్టేది. పిల్లలు కిలకిలా నవ్వేవాళ్లు. అత్త నవ్వేది కాదు. కుట్టు వంకే చూసేది. "ఊడితే గీడ్నే ఊడాలె, ఆడ గాదు" అనేది. ఆమె మాత్రం బావి గట్టు ఎక్కగా నేనెప్పుడూ చూడలేదు. పొలానికి వెళ్లాలన్నా చుట్టూ తిరిగి వెళ్లేది. ఎందుకని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

పోయిన ఎండాకాలం నా ఏడేళ్ల బిడ్డకు నారింజ రంగు డ్రెస్సు కుట్టింది. "అత్తా, సంచికి పిడి పెట్టినట్టుంది" అని ఎకసెక్కమాడాను. "సంచే అనుకో. సంచైతే మర్చిపోకుంట ఎత్తుకస్తవు" అంది.

మర్నాడు పొద్దున ఆమె పాలకు వెళ్లినప్పుడు బ్లేడుతో ఆ పట్టీ ఊడదీశాను. ఎందుకంటే, ఫోన్ స్టేటస్‌లో బిడ్డ ఫోటో అందంగా ఉండాలని. డిగ్రీ చదివిన నా తెలివి అది. పట్టీని మిషన్ మీదే పెట్టి బావికి పోయాం.

మా చిన్నాయన కొడుకు, నా బిడ్డ నడుముకు ప్లాస్టిక్ డబ్బా కట్టి ఈత నేర్పుతున్నాడు. తాడు వదులైంది. డబ్బా పైకి తేలింది, బిడ్డ మునిగింది. వాడు వీపు మీద చెయ్యేశాడు, దొరకలేదు. మళ్లీ వేశాడు. తడి గుడ్డ జారిపోయింది. నేను మెట్ల మీద ఫోన్ పట్టుకుని కొయ్యబారిపోయాను.

అప్పుడే అత్త ఉరికొచ్చింది. కాళ్లకు చెప్పుల్లేవు, చేతిలో ఆ పట్టీ ఉంది. వెనకాలే బాపు. ఈత రాని మనిషి మెట్లు దిగి, గొంతు దాకా నీళ్లలోకి పోయి బిడ్డ చెయ్యి దొరకబుచ్చుకుంది.

గట్టు మీదికి తెచ్చాక బిడ్డ దగ్గింది, ఏడ్చింది. అత్త చెయ్యి వదల్లేదు.

"ఇడువు అత్తా, బతికింది."

"మళ్ల ఇడువ" అంది.

బాపు ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా విప్పుతూ చెప్పాడు. నేను పుట్టకముందు, ఇదే బావిలో, ఆమె ఐదేళ్ల కొడుకు. అంగీ పట్టుకుంది. చేతిలో అంగీ ఒక్కటే మిగిలింది.

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మధ్యాహ్నం మిషన్ ముందు కూర్చుని పట్టీ మళ్లీ కుట్టింది. ఈసారి నాలుగు వరసలు. బిడ్డ చేతి మీద ఆమె వేళ్ల నీలం గుర్తులు పది రోజులున్నాయి. నా బిడ్డ ఇవాళ ఉందంటే ఆమె వల్లే.

నిన్న అత్త మట్టికి పోయి వచ్చి స్నానాలు చేశాక, బిడ్డ గడప మీద కూర్చుని చేతిని తిప్పి తిప్పి చూసుకుంటూ కనిపించింది.

"ఏం చూస్తున్నవ్ బిడ్డా?"

"అవ్వ పట్టుకున్న జాగ. ఏం లేదమ్మా ఇప్పుడు."

ఇంకో చేత్తో అదే చోట గట్టిగా పట్టుకుని, వేళ్లు తెల్లబడేదాకా అట్లాగే కూర్చుంది.