ఎడమ దవడ మనిషి

దక్షిణ కొరియాలో దేగు నగరంలోని దంతవైద్య కళాశాల ప్రయోగశాలలో పనిచేసే తేషిక్ ఏది తిన్నా ఎడమ దవడతోనే తినేవాడు. ముల్లంగి కిమ్చీ పచ్చడి ముక్క పొరపాటున కుడివైపు దొర్లితే నాలుకతో మెల్లగా ఇవతలికి లాక్కునేవాడు. పుచ్చుపళ్ళలో నింపే ముద్దకు క్రిములను చంపే వెండి పొడి కలపడం అతని పని. పొడి పెరిగితే క్రిములు చస్తాయి గాని ముద్ద బలం తగ్గుతుంది. తాను చెప్పిన పాళ్ళలో కలిపితే తగ్గదని అందరితో వాదించి, ఆ ముద్దనే తన కుడి దవడ పన్నులో పెట్టించుకున్నాడు. అయినా బలం పరీక్షించే యంత్రం కింద ముద్దబిళ్ళ ‘టప్’మని పగిలినప్పుడల్లా అతని చెయ్యి కుడి బుగ్గ మీదికి పోయేది.

ఆ సాయంత్రం విందులో ప్రొఫెసర్ ఓక్ మేడమ్ చెప్పుతోలులా ఎండిన స్క్విడ్ అనే సముద్రజీవి కాలొకటి చీల్చి అందించారు. "నమలవయ్యా, నీ ముద్ద సత్తా చూద్దాం. నిలిస్తే రేపే రోగుల మీద పరీక్షకు సంతకం పెడతాను." పెద్దలిచ్చింది కాదనకూడదు. తేషిక్ రెండు చేతులా అందుకుని, అక్కడి మర్యాద ప్రకారం పెద్దల ముందు మందు తాగేవాడిలా పక్కకు తిరిగి నమిలాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ముందుకు వంగారు. టప్!

"అయ్యో, పోయింది!" అన్నారెవరో. మేడమ్ ఫోను లైటు వేసి నోరు తెరిపించారు. కుడివైపు ముద్ద చెక్కుచెదరలేదు. ఎడమవైపు సొంత పన్ను సగం విరిగి నాలుక మీద పడి ఉంది.

"గెలిచావన్నా!" అని జూనియర్ బోరా చప్పట్లు కొట్టింది. మేడమ్ మాత్రం లైటు ఆర్పలేదు.

"పరీక్ష కుడి పన్నుకు కదా, స్క్విడ్ ఎడమవైపుకు ఎలా పోయిందయ్యా?"

తెరిచిన నోరు తెరిచే ఉంది. తేషిక్ చెయ్యి మెల్లగా కుడి బుగ్గ మీదికి పోయింది.