నేను చేయి వేసిన బండి

నా దగ్గర ఒక బరువు ఉంది. దించే చోటు దొరక్క ఏళ్ల తరబడి మోస్తున్నాను. జాకీతో లేచే బరువైతే ఎప్పుడో లేపేవాణ్ణి. బతుకంతా బండ్ల కింద వెల్లకిలా పడుకున్న మనిషిని. ఇది జాకీకి లేచేది కాదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పగలిగితే ఇది రాసే పనే ఉండేది కాదు. నా రాత వంకరగా ఉంటుంది. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. అవి నేర్పిన మనిషి గురించే ఈ రాత. ఆ మనిషి ఇప్పుడు లేదు. లేకుండా పోవడంలో నా చేయి ఉంది.

చూశారా, ‘నా చేయి ఉంది’ అని ఎంత మెత్తగా రాశానో. మళ్లీ రాస్తాను. ఆమె నా వల్ల చనిపోయింది.

మాది కోస్తా. ఊహ తెలిసేనాటికే లారీ షెడ్డులో ఉన్నాను. బడికి పోలేదు. నా భార్య పోయాక కూతురు నన్ను ఇక్కడికి, ఈ మంచుదేశంలో సార్నియా అనే ఊరికి తెచ్చుకుంది. అల్లుడికి కెమికల్ ప్లాంటులో ఉద్యోగం. ఈ ఊళ్లో బస్సులు అంతంత మాత్రం. బండి లేనివాడు కాళ్లు లేనివాడితో సమానం. కాలేజీకి వచ్చిన మన పిల్లలు దిగీ దిగగానే పాత బండి కోసం వెతుక్కునేవాళ్లు. కొనేముందు నన్ను తీసుకుపోయేవాళ్లు. నేను బానెట్ ఎత్తి ఇంజను చప్పుడు వినేవాణ్ణి, ఆయిలు వాసన చూసేవాణ్ణి, కింద దూరి చూసేవాణ్ణి. బాగుంటే తల ఊపేవాణ్ణి. ఇంగ్లీషు రాదు, సంతకం రాదు, అయినా నాకొక పేరు వచ్చింది. బండ్ల పెద్దాయన. ఊరి చివర ఒక చిన్న గ్యారేజీలో పని కూడా దొరికింది.

ఆ పేరు నాకు ఎంత ఇష్టమో మీకు చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

ఆ రోజుల్లో ఊరి బయట ఒక రైతు దగ్గర పాత పికప్ ట్రక్కు కొన్నాను. ఎర్రది. ఇంజను గట్టిది, విన్నాను, నమ్మాను. కింద సరిగ్గా చూడలేదు. అప్పటికి నేల మీద మంచు ఉంది, పడుకోబుద్ధి కాలేదు. ఇన్ని బండ్ల కింద దూరినవాణ్ణి, నా సొంత బండి కింద దూరలేదు. ఎందుకు? నా చెవి మీద నాకంత పొగరా? అవును, పొగరే.

ఇంటికి తెచ్చాక ఒక్కొక్కటీ బయటపడింది. బ్రేకు పైపులు తుప్పు పట్టి చెమర్చాయి, మార్చాను. ముందు చక్రాల దగ్గర బాల్ జాయింట్లు అరిగి లొడలొడలాడాయి, మార్చాను. పెట్రోలు పంపు పోయింది, ట్యాంకు దించాల్సి వచ్చింది. సైలెన్సరు పైపు బోల్టు ఇంజనులోనే విరిగిపోయి, చలికి స్టార్టు చేస్తే టక్ టక్ టక్ మని మొత్తుకునేది. గేర్‌బాక్సు రెండో గేరులో జారేది. దాన్ని విప్పించి చేయిస్తే బండి కొన్న ధరకంటే ఎక్కువవుతుందని తెలిసి ఆయిలు మార్చి ఊరుకున్నాను. పాత బండి అంతే. ఒక రిపేరు అయిందనుకుంటే దాని వెనక ఇంకోటి నిలబడి ఉంటుంది. కూతురి డబ్బు పోస్తూనే ఉన్నాను. అల్లుడు నవ్వేవాడు.

"మామయ్యా, మీ బండికంటే మీ టూల్ బాక్సుకే రేటెక్కువ!"

అందరి ముందూ అనేవాడు. చెడ్డవాడు కాదు. సరదాగానే అనేవాడు. నాకు మాత్రం చెవుల్లో సీసం పోసినట్టుండేది.

ఒక రోజు గ్యారేజీలో బండిని లిఫ్టు మీద ఎత్తి, వెనక ఎడమ చక్రం దగ్గర సుత్తితో ఊరికే తట్టాను. సుత్తి లోపలికి పోయింది. ఇక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు బండి కింద చేరి ఇనుమును తినేస్తుంది. చక్రం మీద బండిని మోసే కమాను కట్ట వచ్చి బిగిసే చోట, బరువంతా నిలబడే ఫ్రేము అక్కడ అప్పడంలా ఉంది. వేలితో నలిపితే పొడి రాలింది. దాన్ని సరిగ్గా బాగుచేయాలంటే ఆ భాగం మొత్తం కోసి కొత్త ఇనుము వేయాలి. ఆ ఖర్చుకు ఇంకో బండే వస్తుంది. అంటే ఆ బండి చెత్తకు పోవాలి. మాట అంతే. ‘ఇది చెత్త’ అని అల్లుడి ముందు ఒక్కసారి అనాలి.

అనలేదు. దాని మీద పలచటి రేకు పెట్టి అక్కడక్కడా వెల్డింగు చుక్కలు వేశాను. సందుల్లో పుట్టీ నింపాను. పైన నల్లరంగు దట్టంగా కొట్టాను. ఆరాక చూస్తే కొత్త ఇనుములా మెరిసింది. అప్పుడు నాలో నేను చెప్పుకున్నాను, నేనొక్కణ్ణే తిప్పుకునే బండి కదా, మెల్లగా తిప్పుకుంటాను కదా అని. నిజంగా అలాగే అనుకున్నానా? లేక ఎవరికైనా తగిలించాలని అప్పుడే లోపల ఉందా? ఎన్నిసార్లు తవ్వుకున్నా ఇది మాత్రం నాకు తేలడం లేదు.

ప్రభాకర్, సువార్త భార్యాభర్తలు, మా సంఘంవాళ్లే. ఇంగ్లీషువాళ్ల చర్చి హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు మన తెలుగువాళ్లం కూడేవాళ్లం. ప్రభాకర్ ఫ్యాక్టరీలో రోజు కూలీ. సువార్త మన దగ్గర టీచరు, ఇక్కడ వృద్ధుల ఆశ్రమంలో పని. నాకు చదువు రాదని ఆమెకు ఎలా తెలిసిందో తెలుసా? పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాను. ఎవరితోనూ అనలేదు. కూడిక అయ్యాక నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "అంకుల్, నాకు ఇక్కడ పాఠం చెప్పడానికి ఎవరూ దొరకట్లేదు, కాస్త మీరు కూర్చోండి" అంది. నాకు సాయం చేస్తున్నట్టు కాదు, నేనే ఆమెకు సాయం చేస్తున్నట్టు. అలా మొదలైంది. ‘థ’ రాయడం నాకు ఎప్పుడూ తప్పేది.

"దీని పొట్టలో చుక్కేది అంకుల్? పస్తు పడుకోబెట్టారా?" అని నవ్వేది.

కాలేజీ పిల్లలు ఇల్లు మారినప్పుడల్లా పరుపులు, బల్లలు చేరవేయడానికి బండి కావాలి. ఆ పని పెట్టుకుంటే ఫ్యాక్టరీ మానేయొచ్చని ప్రభాకర్ ఆశ. నా బండి అడిగాడు. తక్కువకే ఇచ్చాను. డబ్బు కోసం కాదు. బండి పోతే నవ్వూ పోతుంది, అందుకు. ఇక్కడ బండి చేతులు మారాలంటే గ్యారేజీవాళ్లు చూసి బాగుందని కాయితం ఇవ్వాలి. మా యజమాని నా మాట మీద, కింద చూడకుండానే, సంతకం పెట్టేశాడు.

మా సంఘంలో ఎవరు బండి కొన్నా, కూడిక అయ్యాక అందరం పార్కింగ్‌లోకి వెళ్లి దాని చుట్టూ నిలబడతాం. ఒక పెద్దవాడు బానెట్ మీద చేయి వేసి ప్రార్థన చేస్తాడు. ఆ రోజు నన్ను చేయమన్నారు. బండ్ల సంగతి తెలిసినవాడినని. వేశాను. కళ్లు మూసుకున్నాను. ఇందులో ఎక్కేవాళ్లను, దిగేవాళ్లను క్షేమంగా ఉంచమని అడిగాను. నా అరచేతి కింద బానెట్ చల్లగా ఉంది. అందరూ ఆమెన్ అన్నారు. ప్రభాకర్ కళ్లు తుడుచుకున్నాడు.

మరుసటి వారం పాఠంలో సువార్త ఒక మాట చెప్పింది.

"చూడండంకుల్, మా ఆయన నన్నెట్లా తిట్టాడో. బండిని ఇంకో గ్యారేజీలో ఒకసారి చూపిద్దామన్నానండీ, అంతే. ‘పెద్దాయన చేయి వేసి ప్రార్థన చేసిన బండిని ఇంకోడికి చూపిస్తావా, మొహం ఎక్కడ పెట్టుకుంటాం’ అని ఒకటే గొడవ. కుక్కరు కొనాలన్నా రెండు కొట్లు తిరిగేదాన్ని నేను!"

నవ్వుతూ చెప్పింది. నా చేతిలో పెన్సిలు ఉంది. అప్పుడు ఒక్క మాట చాలు. ‘చూపించమ్మా, తప్పేముంది’ అంటే చాలు. వేరే మెకానిక్కు సుత్తితో ఒక్క దెబ్బ కొట్టేవాడు. నా పేరు పోయేది, అంతకంటే ఏమీ పోయేది కాదు. నేనూ నవ్వాను. నవ్వి, ‘థ’ రాసి, చుక్క పెట్టి చూపించాను. బాగుందంది.

చలి మొదలైన రోజుల్లో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఇద్దరూ మూడు గంటల దూరంలో ఉన్న ఎటోబికోకు బయల్దేరారు. ఎవరో విద్యార్థుల సామాను దింపి, అక్కడి మన కొట్లో గోంగూర, పచ్చళ్లు తెచ్చుకోవాలని ఆమె కూడా ఎక్కింది. పెద్దరోడ్డు మీద బండి అడ్డం తిరిగి, పక్కన గుంటలోకి దొర్లింది. ఆమె ఉన్న వైపు కిందికి పడింది.

అల్లుడు నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే సువార్త ప్రాణం పోయింది. ప్రభాకర్ వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చేతికి కట్టు. నన్ను చూసి భుజం మీద పడిపోయాడు.

"ఏం జరిగిందో తెలీట్లేదంకుల్. వెనకాల ఠప్పని చప్పుడొచ్చింది. స్టీరింగు నా మాట వినలా. బండి దానంతటదే తిరిగిపోయింది."

ఆ ఠప్పు ఏమిటో నాకు తెలుసు. ఎడమ వైపో కుడి వైపో కూడా తెలుసు. నోరు తెరిచాను, నిజమే చెబుదామని తెరిచాను. చెబుదామనే తెరిచానా? తెలియదు. వచ్చిన మాట ఇది.

"ఎంత లోడు వేశావయ్యా?"

తల ఎత్తి నా మొహం చూశాడు.

"ఎక్కువేం కాదంకుల్. రెండు పరుపులు, బల్ల, వాషింగ్ మెషీను. ఆ పిల్లలు పుస్తకాల పెట్టెలు కూడా ఎక్కించారు. ఎక్కువైందంటారా?"

"పాత బండి కదయ్యా" అన్నాను.

"సువార్త చెప్పిందంకుల్. పెట్టెలు ఇంకోసారి వేద్దాం లెండి అంది. నేనే, అయిపోద్దిలే ఎక్కు అన్నాను. నేనే అన్నానంకుల్. నేనే."

నేల మీద కూర్చుండిపోయాడు. నేను పక్కన కూర్చుని అతని తల మీద చేయి వేశాను. బానెట్ మీద వేసిన చేయే.

బండికి రంగు వేయడం ఒక తప్పు. అమ్మడం ఒక తప్పు. కానీ నన్ను అడిగితే ఆ ప్రశ్న అన్నిటికంటే పెద్దది. తుప్పు నేను పుట్టించింది కాదు, ఉప్పు పుట్టించింది. ఆ ప్రశ్న మాత్రం పూర్తిగా నాది. భార్య పోయినవాడి చేతిలో నా తప్పును పెట్టి, ఇది నీదే పట్టుకో అన్నాను. పట్టుకున్నాడు. పోలీసులతో తనే చెప్పాడు, ఎక్కువ లోడు వేశానని. వాళ్లు పాత బండి, తుప్పు, పైన లోడు అని రాసుకుని వెళ్లిపోయారు. ఆ తుప్పు మీద రంగు ఎవరు వేశారని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణేమో అని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం మానేశాను. చెప్పేవాణ్ణి కాదు.

ప్రభాకర్ ఎక్కడో దూరాన రెజైనా అనే ఊరికి వెళ్లిపోయాడు. స్టీరింగు ముట్టడు. ఆ చలిలో నడిచీ, బస్సుల్లోనూ పనికి పోతాడు. మళ్లీ పెళ్లి చేసుకోవయ్యా అంటే, "చంపినోడికి పెళ్లేంటంకుల్" అన్నాడు. ఆదివారం వస్తే నాకు ఫోన్ చేస్తాడు. నాకే. "నన్ను దేవుడు క్షమించాలని ప్రార్థన చేయండంకుల్, మీరు చేస్తేనే నాకు నిద్ర పడుతుంది" అంటాడు. నేను ఫోనులో చేస్తాను. ఇతన్ని క్షమించు ప్రభువా అంటాను. ఆమెన్ అంటాడు. పెట్టేస్తాడు.

ఎందుకు చెప్పవు అంటారు మీరు. ఇన్నాళ్లకు చెబితే ఇంకెవర్నీ నమ్మలేడని, ఉన్న ఒక్క ఆసరా పోతుందని నాకు నేను చెప్పుకుంటాను. వినడానికి బాగుంటుంది. అబద్ధం. పిరికితనం. ఈ ముసలి వయసులో కూడా అతని గొంతు ఫోనులో ఆగిపోవడం నేను వినలేను. రేపు ఆదివారం. ఫోన్ వస్తుంది. మళ్లీ ప్రార్థన చేస్తాను. నన్ను నేను ఎరుగుదును.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలోనిది కాదు, ఆ హక్కున్న ఒక్క ప్రభాకర్‌కూ నేను ఆ అవకాశం ఇవ్వడం లేదు. నోటితో ఎవరి ముందూ అనలేని మాట ఒకటి ఉంది. ఆమె నేర్పిన అక్షరాలతో ఇన్నాళ్లకు రాయగలుగుతున్నాను. రాశాక కాస్త ఊపిరి ఆడుతుంది. అంతకంటే నాకు రావలసింది లేదు.

రెండు పరుపులు, బల్ల, వాషింగ్ మెషీను, పుస్తకాల పెట్టెలు. ఆ బండి అంతకు రెండింతలు మోయడానికి చేసినది.

లోడు ఎక్కువ కాలేదు, ప్రభాకర్.