ఎల్లం కట్టిన ఎనుక అర్ర

మా గల్లిల ఎవరింట్ల కూర మాడినా నాకు తెలుస్తది. కుట్టుమిషన్ అరుగు మీదనే ఉంటది, మరి కండ్లు ఎటు పెట్టుకోవాలె? మా ఇంటికి ఎదురుంగ రఘుపతి పటేలు ఇల్లు. ఆ ఇంటెనుక ఉన్న అర్రను ఎల్లం మేస్త్రి కట్టిండు. కట్టి, అండ్లనే కిరాయికున్నడు. ఎల్లన్న ముచ్చట తీస్తే నాకు మొదలు కోపమొస్తది, ఎనుకనుంచి ఏడుపొస్తది. రెండూ కలిపే చెప్త, వినుండ్రి.

ఎల్లన్నది కుల్చారం దిక్కు ఊరు. ఎవుసం ఆగమైనంక పెండ్లాం వజ్రమ్మను తీస్కొని మెదక్ వచ్చిండు. ఆయన తాపీ పడితే ఆమె తట్ట మోసేది. అప్పట్ల పటేలుకు ఎరువుల దుకాణం మస్తు నడుస్తుండె. మా గల్లిల రంగుల టీవీ మొదలు వచ్చింది ఆయనింటికే, మేమంత కిటికీల కెల్లి చూసెటోళ్లం. పెరట్ల జాగ ఊకెనే పడున్నదని, అండ్ల ఒక అర్ర, వంటకింత జాగ, పక్కకు బాత్రూం వేసి కిరాయికిద్దామని పటేలు ఎల్లన్నను పిలిచిండు.

పునాది తీసినంక తెలిసింది, పటేలు భార్య సుమనక్క నీళ్లోసుకున్నదని. ఇంటామె కడుపుతోటి ఉంటే ఇల్లు కట్టొద్దంటరు. సగంల ఆపితే ఇంకా చెడ్డదంటరు. పటేలు పరేషానై పంతులు కాడికి పోతే, కట్టుండ్రి గని పాలు మాత్రం ఆమె పొంగియ్యొద్దని చెప్పిండట. గట్ల, అర్ర పూర్తయిన రోజు సుమనక్క గిన్నె తెచ్చి వజ్రక్క చేతిల పెట్టింది. "నువ్వే పొంగియ్యి వజ్రా. కిరాయికి వేరేటోళ్లెందుకు, మీరే ఉండుండ్రి" అన్నది. వజ్రక్క గిన్నె పట్టుకొని అట్లనే నిలవడ్డది. ఆమె జిందగీల అది మొదటి స్లాబు ఇల్లు.

వజ్రక్క పొట్టి మనిషి. అండ్ల చేరినంక ఎల్లన్న అరలన్నీ ఆమె చెయ్యందేటట్టు కిందికే పెట్టిండు. పటేలు చూసి, రేపు వేరేటోళ్లు వస్తే నడుములు విరగ్గొట్టుకోవాల్నా అని నవ్విండు. కిటికీ కింద బీడీలు చుట్టుకోనీకి ఇంత గద్దె కట్టిండు. యాడాదికొకసారి తనే సున్నమేసెటోడు. "కిరాయి కట్టెటోనివి, మా ఇల్లు మా ఇల్లంటవేందే అన్నా?" అని నేను గెలికేదాన్ని. "కాయిదం పటేలుదే దేవికా. ఇటుకలు నన్నడుగుమను, చెప్తయి. సచ్చినా గీడ్నే సస్త" అనెటోడు. వజ్రక్క ఆయన నోటి మీద ఒక్కటిచ్చేది. వాళ్లకు పిల్లలు కాలే. సుమనక్క బిడ్డ అంకిత పాలు తాగనీకి తల్లి కాడికి, నిద్ర పోనీకి వజ్రక్క కాడికి పోయేది.

ఇగ ఒక సంగతి చెప్పాలె. మా దిక్కు ఒక పద్ధతున్నది. పద్ధతో పాపమో మీరే అనుకోండ్రి. కిరాయింట్ల పానం పోవద్దు. పోతే ఆ ఇల్లు నెలలకు నెలలు పాడువెట్టాలెనని, ఇంటోళ్లకు మంచిగ కాదని అంటరు. గందుకే సావుబతుకుల మీదున్నోళ్లను ఓనర్లు లోపటికి రానియ్యరు, పీనుగను అసలే రానియ్యరు. మా గల్లి మొగల్ల దావీదు అని కాంపౌండరు కిరాయికుండె. వాళ్లమ్మ దవాఖానల పోతే, ఇంటాయన గేటుకు తాళమేసిండు. ఆ ముసలామెను వానల రోడ్డు మీదనే పెట్టిండ్రు, పైన ఎరువుల బస్తాలు కుట్టిన పట్టా కప్పి. గల్లంత చూసినం. ఒక్కరం నోరు తెరవలే. పటేలు గేటు కాడ నిలవడి, "ఇంటాయనది తప్పేమున్నది, ఇల్లన్నంక చూసుకోవాలె గద" అన్నడు. నల్ల కాడ బిందె నింపుకుంటున్న వజ్రక్క ఆ మాట విన్నది. బిందె ఎత్తుకొని లోపటికి పోయింది.

తెలంగాణ కొట్లాట గట్టిగయ్యేసరికి ఎల్లన్నకు దగ్గు పట్టింది. సిమెంటు దుమ్ము తినీ తినీ ఊపిరితిత్తులు ఖరాబైనయని డాక్టర్లన్నరు. అయినా దీక్ష టెంటు కాడికి పోయి కూసునెటోడు, రాష్ట్రమొస్తే మేస్త్రీలకు పని కరువుండదని. సకలజనుల సమ్మెల బస్సులన్నీ బందైనప్పుడే ఆయనకు ఊపిరి ఆడుడు కష్టమైంది. మా ఆయన పరమేశ్ ట్రాలీ ఆటోల పరుపేసి, వజ్రక్కను ఎక్కిచ్చుకొని పట్నం దవాఖానకు తీస్కపోయిండు. పోయేటప్పుడు సుమనక్క గేటు పట్టుకొని, "జల్ది రాండ్రి" అన్నది. గంతే అన్నది.

అప్పటికి అంకిత పెండ్లి ఖాయమైంది. ఇంటికి రంగులేస్తున్నరు, పసుపు దంచనీకి రోలు కడిగి పెట్టిండ్రు.

ఒక పొద్దుగూకాల మా ఆయన ఫోన్ చేసిండు. ఇగ లాభం లేదు, ఇంటికి తీస్కపొమ్మన్నరు, రేపు బయలెల్తం అని. నేను పోయి సుమనక్కకు చెప్పిన. అటెన్క కరెంటు పోయి మళ్ల రాలే. సమ్మె రోజులు గద, ఎవరి ఫోన్ల ఛార్జింగ్ లేకుండె.

తెల్లారి చూస్తే సుమనక్క ఎనుక అర్ర ఊడుస్తుంది. పటేలు, పని చేయించుకునుడే తప్ప చెయ్యని మనిషి, తన నవారు మంచం తనే మోసుకొచ్చి కిటికీ కాడ వేస్తుండు. నేను నోరెల్లబెట్టిన.

"పెండ్లి ఫంక్షన్‌హాల్ల చేస్తం. పెండ్లికొడుకోళ్లకు గూడ కబురు పంపిన" అన్నడు. "ఎల్లం గీడికే రావాలె. వాని ఇల్లు ఇది."

ఆ మనిషిని నేను ఎన్నిసార్లు తిట్టుకున్ననో. ఆ పొద్దు కాళ్లు మొక్కాలనిపిచ్చింది.

"మరి ఈ మాట వజ్రక్కతోని అన్నవా అక్కా?" అని అడిగిన.

సుమనక్క చీపురు కింద పెట్టి, "ఏమనాలె దేవికా?" అన్నది. "మనిషి బతికుండంగ, నీ మొగుణ్ణి సావనీకి మా ఇంటికే తీస్కరా అని నోటితోని ఎట్లంటం?"

నిజమే. ఎట్లంటం? ఎవ్వరం గూడ అనం.

అర్ర తలుపు తెరిచి పెట్టి, గేటు రెండు రెక్కలూ తీసి, అందరం గల్లి మొగలు దిక్కు చూసుకుంట నిలవడ్డం. ఎంతకూ ఆటో రాదు. సడకు మీద రాస్తారోకో అయితుందేమో, లేటయితుందేమో అనుకున్నం.

లేటు కాలే. నర్సాపూర్ మీదికెల్లి మంచిగనే వచ్చిండ్రు. ఆ తొవ్వ ముచ్చట మా ఆయన తర్వాత చెప్పిండు. కుల్చారం దాటినంక ఎల్లన్న కండ్లు తెరిచి, "ఇల్లొచ్చిందా?" అని అడిగిండట. వజ్రక్క ఆయన తలను ఒళ్లె సదురుకొని, "పరమేశూ, గల్లిలకు తిప్పకు. అడ్డా కాడ ఆపు" అన్నదట. అడ్డా అంటే రామాయంపేట రోడ్డు మీద మేస్త్రీలు, కూలోళ్లు పొద్దున పని కోసం నిలవడే రేకుల షెడ్డు.

"ఒక్కసారి పటేలును అడుగుదాం వదినా" అన్నడట మా ఆయన.

"అడిగితే ఆయన వద్దనలేడు. కాదనలేనోళ్లను అడుగుడు న్యాయమా? అంకిత పెండ్లి పెట్టుకున్నరు. ఎత్తుకొని పెంచిన పిల్ల. ఆ పిల్ల పెండ్లింట్లకు సావును నేను తీస్కపోతనా?"

రెండోసారి అననీకి మా ఆయనకు నోరు రాలే. దేవుడు ఆయనకు నోరిచ్చింది బువ్వ తిననీకే. ఆటో అడ్డా కాడ ఆపిండు. సమ్మెల పనుల్లేక అడ్డా మీద నలుగురైదుగురు మేస్త్రీలు కూసోనున్నరు. వాళ్లే లేచి సిమెంటు సంచులు పరిచి, ఎల్లన్నను మెల్లగ దింపి పండుకోబెట్టిండ్రు.

ఆయన మళ్ల అడిగిండట, "ఇల్లొచ్చిందా?"

"వచ్చింది. పండుకో."

ఆయన పైకి చూసిండట. చానాసేపు చూసి, "గీ రేకులేందే? నేను స్లాబు ఏసిన గద" అన్నడట.

వజ్రక్క కొంగు తీసి ఆయన కండ్ల మీద కప్పింది. "ఎండ పడుతుంది, కండ్లు మూస్కో" అన్నది. ఆ కొంగు కిందనే పానం పోయింది. ఈ మాట విన్నంక నేనాయన్ను ఆ రోజుకు ఇంకేమనలే.

ఖాళీ ఆటో గల్లిల కొచ్చింది. అడ్డా కాడ ఎల్లన్న పోయిండని మా ఆయన చెప్పంగనే సుమనక్క గేటు కాడనే కూలవడ్డది. పటేలు చెప్పులు గూడ ఏసుకోకుంట అడ్డా దాక ఉరికిండు, ఆయన ఎనుక సుమనక్కను పట్టుకొని మేమందరం. వజ్రక్క ఎల్లన్న తల ఒళ్లె పెట్టుకొని అట్లనే కూసున్నది. మమ్మల్ని చూసి, మేమేదో తప్పు పట్టనీకి వచ్చినమనుకున్నట్టు, "గల్లిలకు తీస్కరాలే పటేలా" అన్నది.

పటేలు ఆమె ముంగట నేల మీద కూసున్నడు. అంత పెద్దమనిషి, అందరి ముంగట ఏడ్చిండు.

"పొద్దటి సంది తలుపు తీసి పెట్టినం గదనే వజ్రా. మంచమేసినం. నీ కోసమే చూస్తున్నం."

వజ్రక్క ఆయన దిక్కు చూసింది. సుమనక్క దిక్కు చూసింది. నిజమా అన్నట్టు నా దిక్కు చూసింది. నేను తలకాయ ఊపిన. ఏం చెయ్యాలె, ఊపిన.

"లే వజ్రా, ఇంటికి తీస్కపోదాం. ఆడికెల్లే సాగదోలుదాం" అన్నడు పటేలు, లేచి ఎల్లన్న కాళ్ల కాడికి వచ్చుకుంట.

ఆమె కొంగు తియ్యలే. "ఇప్పుడెందుకు పటేలా?" అన్నది. "ఇప్పుడు తీస్కపోయినా ఆయనకు తెల్వదు గద."