టీచరమ్మ మార్చిన మాటలు

"టీచరమ్మ పోయింది" అని పాలు పోసే ఆమె వచ్చి చెప్పింది. "ఎక్కడికి?" అన్నాను. హిందీ రాష్ట్రంలో అడవి అంచున ఉన్న మా దోర్నపాల్‌లో ఎవరైనా పోయారంటే ముందు ఆ ప్రశ్నే వస్తుంది. ఎవరు తీసుకుపోయారో, ఎటు తీసుకుపోయారో అని. ఆమె నన్ను వింతగా చూసి, "సచ్చిపోయింది బాబాయ్, నిద్రలనే" అంది. అప్పుడు ఊపిరి ఆడింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది.

టీచరమ్మ మా పక్కిల్లు. పెళ్ళై గోదావరి అవతల నుంచి వచ్చింది. బడిలో హిందీ చెప్పేది, సాయంత్రాలు అరుగు మీద మా పిల్లలకు తెలుగు నేర్పేది. నన్ను ఇంట్లో "అన్నా" అనేది, రోడ్డు మీదికొస్తే "భయ్యా" అనేది. ఇక్కడ అన్నలంటే అడవి లోపలివాళ్ళు కూడా. వినేవాళ్ళు ఏ అర్థం తీస్తారోనని ఆమె జాగ్రత్త. ఇప్పుడు రోజులు మారాయంటున్నారు. మారే ఉంటాయి. నా భయం మారలేదు.

నా మనవరాలికి జపాన్ వాళ్ళ బొమ్మల కథల పిచ్చి. మాంగా అంటుంది. కుడి నుంచి ఎడమకు చదవాలట. కిరందుల్ రైల్వే క్వార్టర్లలో ఉండే స్నేహితురాలు పంపుతుంది. ఒక సంపుటి చదివి, అది ఎలా ఉందో రాసింది. భద్రాచలంలో నా చెల్లెలి కొడుకు నడిపే పిల్లల పత్రికకు ఇవ్వాలని. నన్ను చూడమంది. 'అన్న దళాన్ని వదిలి అడవిలోకి పోయాడు. నాకు అన్న అంటే ప్రాణం' అని మొదలు. కాగితం మడిచేశాను. దారిలో నాకాల దగ్గర బండ్లాపి జవాన్లు సంచులు విప్పి చూస్తారు.

"ఆళ్ళకు తెలుగు రాదు కద తాతా!"

"రాకపోతేనే భయం బిడ్డా. వచ్చినోన్ని పిలిచి చదివిస్తరు. వాడేం చెప్తడో!"

టీచరమ్మ దగ్గరకు తీసుకెళ్ళాను. చదివి నవ్వింది. "బాగ రాసినవే పిల్లా. ఇంతకీ ఆ పిలగాడు మంచోడేనా?"

"మంచోడే. కోపమెక్కువ."

"మా ఆయన లెక్కన్నట్టు."

అన్నకు బదులు 'అగ్రజుడు' అని రాసింది. "అగ్రజుడేంది టీచరమ్మా, దగ్గుమందు పేరు లెక్కున్నది" అంది నా మనవరాలు. చివరకు 'సోదరుడు' దగ్గర ఇద్దరికీ కుదిరింది. దళం 'జట్టు' అయింది. అడవిని 'వనం' చేయబోతే పిల్ల ఒప్పుకోలేదు. "వనమంటే పూలున్నట్టుంటది. అండ్ల భయముండాలె." టీచరమ్మ పెన్సిల్ వెనక్కి తీసుకుంది. "నిజమే, అడవి ఉండనీ" అని నా వైపు తిరిగి, "మాట మార్చొచ్చన్నా, సంగతి మార్చొద్దు" అంది.

మా మీద నమ్మకం లేకో ఏమో, మోకాళ్ళ నొప్పులతోనే మాతో భద్రాచలం బస్సెక్కింది. నాకా దగ్గర జవాను కాగితం తీసి కండక్టర్ చేతికిచ్చాడు. కండక్టర్‌ది హల్బీ భాష మాట్లాడే ఇల్లు, సంతలో నేర్చిన తెలుగు. కూడబలుక్కుంటూ చదివి, "సోదరుడని ఎవరో మనిషి పేరు సాబ్, అడవిలోకి పోయాడట" అని హిందీలో చెప్పాడు.

"కౌన్ హై యే సోదరుడు?" జవాను ముఖం మారింది. "కహాఁ హై?"

టీచరమ్మ కడ్డీ పట్టుకుని లేచింది. "సగా భాయీ, బేటా. జపాన్ కీ కహానీ హై" అని, సోదరుడంటే తోడబుట్టినవాడని, ఇది జపాన్ కథని చెబుతూ కాగితం తీసుకుని ఒక్కో వాక్యం తెలుగులో చదివి, హిందీలో చెప్పింది. గొంతు బడిలో లాగే ఉంది. చీర కుచ్చిళ్ళు మాత్రం వణుకుతున్నాయి. పక్క సీట్లో ఉన్న నాకే అది కనిపించింది.

జవాను కాగితం మడిచి ఇచ్చేస్తూ, "ఫిర్ క్యా హువా?" అన్నాడు. తర్వాతేమైందో తర్వాతి పుస్తకంలో ఉంటుందని చెప్పింది. బస్సు కదిలాక, "భయం పోయినంక చదువుదామంటే ఎన్నడూ చదవవన్నా" అంది నాతో. ఇంటి బయట ఆమె నోట 'అన్నా' వినడం అదే మొదలు.

ఇప్పుడు ఆ తర్వాతి పుస్తకం వచ్చింది. దాని మీదా పిల్ల రాసింది. ఈసారి బస్సులో అడిగితే లేచి చదవాల్సింది నేనే. పొద్దుటి నుంచి పైకి చదువుకుంటున్నాను. చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. 'ఆఖరికి అతను రాజుకు లొంగిపోయాడు.' అడవి వదిలొచ్చి పోలీసులకు దొరికినవాళ్ళకు వాడే ఆ మాట వినపడితే మా వైపు జనం ఇప్పటికీ అటూ ఇటూ చూస్తారు. ఓడిపోయాడు అందామంటే, కథలో అతను ఓడలేదు. తిరిగొచ్చాడు అందామంటే, ఇల్లు చేరలేదు. నాకు వేరే మాట తెలియదు.

మనవరాలు పెన్సిల్ పట్టుకుని నా నోటి వంకే చూస్తోంది.