పిస్టన్లకు ఒక నిద్ర

మొన్నామధ్య మా అబ్బాయి మోటారు సైకిలు తెల్లటి పొగ కక్కుతుంటే, సందు మొదట్లో ఉండే మెకానిక్కు వచ్చి చూసి, బోరు అరిగిపోయిందండీ, పాత సిలిండరు తీసి పారేద్దాం, పిస్టన్‌తో సహా కొత్తది డబ్బాలో దొరుకుతుంది అన్నాడు. వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న నాకు, ఎంత అరిగింది నాయనా, పైనెంత, కిందెంత, కొలిచి చూశావా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది గానీ, ముసలమ్మకు ఇవన్నీ ఎందుకనుకుంటారని మింగేశాను. ఆ సిలిండరును పాత ఇనుము బండివాడు పట్టుకుపోయాడు. ఆ రోజంతా కూర మీద కన్నూ లేదు, మనసూ లేదు. మా మామగారే గుర్తుకొస్తూ ఉన్నారు.

నేను కాపురానికి విజయవాడ వచ్చింది డెబ్బైల మొదట్లో. గవర్నర్‌పేటలో ఒక ఇరుకు సందు చివర మా అత్తవారిల్లు, ముందు భాగమంతా రేకుల షెడ్డు, వెనక మూడు గదుల్లో మా కాపురాలు. షెడ్డులో మామగారి బోరింగ్ మిషన్ ఉండేది. పిస్టన్ పైకీ కిందికీ ఆడీ ఆడీ ఇంజన్ సిలిండరు లోపలి బోలు, అంటే బోరు, గుండ్రం చెడి కోలగా అరిగిపోతే, దాన్ని మళ్ళీ గుండ్రంగా, కాస్త పెద్దదిగా కోసి, ఆ కొలతకు సరిపడే పెద్ద పిస్టన్ వేయించుకోవడం ఆ రోజుల్లో ఎంత పెద్ద పనో నా వయసు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, ఇంజన్‌ను పారేయడమన్న మాటే ఎవరికీ తోచేది కాదు. మైలవరం మెట్టల్లో నీళ్ళు తోడే ఆయిలింజన్లూ, లారీలూ, ట్రాక్టర్లూ, బందరు వైపు పడవల ఇంజన్లూ అన్నీ మా సందులోకి వచ్చేవి. మా వారికి మాత్రం చేతికి నూనె అంటితే అన్నం సహించేది కాదు, అందుకని శుభ్రంగా గుమాస్తా ఉద్యోగం చూసుకుని పొద్దున్నే క్యారియర్ పట్టుకుని వెళ్ళిపోయేవారు.

నేను వచ్చిన ఏడాదికే ఒక సంగతి కనిపెట్టాను. మామగారు వెంట్రుకవాసి తేడానైనా కొలిచే మైక్రోమీటర్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, చాలాసేపు చూసి, ఏమీ అనకుండా దించేస్తున్నారు. ఒకరోజు మజ్జిగ ఇవ్వడానికి వెళ్తే దాన్ని నా చేతికిచ్చి, "తుడిచి పెట్టమ్మా, అలాగే ఎంతుందో చూడు" అన్నారు, అదేదో మాటవరసకు అన్నట్టు. మా నాన్నగారు ఉయ్యూరులో చెరుకు కాటా దగ్గర గుమాస్తా కావడంతో సన్నగీతలు చదవడం నాకు చిన్నతనం నుంచీ అలవాటే. చదివి చెప్పాను. ఆ మరునాటి నుంచి ఆయనకు దాహం ఎక్కువైంది. గంటకోసారి మజ్జిగో మంచినీళ్ళో కావలసి వచ్చేవి, నేను వెళ్ళి ఆ పరికరాన్ని గుడ్డతో తుడుస్తూ, పెదవి కదలకుండా అంకె చెప్పి వచ్చేదాన్ని. అత్తగారికి ఈ సంగతి తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు, ఆవిడ మాత్రం ఎన్నిసార్లు చిలికినా మజ్జిగ చాలడం లేదని సణిగేవారు.

అలా మొదలైంది నా చదువు. కొలత చెప్పాలంటే ఎక్కడ కొలవాలో తెలియాలి, ఎక్కడ కొలవాలో తెలియాలంటే ఎక్కడ అరుగుతుందో తెలియాలి. సిలిండరు పైభాగం అరిగి మోసం చేస్తుంది కాబట్టి, పిస్టన్ రింగులు తగలని అడుగు భాగాన్ని నమ్మి అక్కడి నుంచే నడిమధ్యను పట్టుకోవాలనీ, కోసే టూలు నిండుగా ఒకే రాగం మీద సాగాలనీ, అది కీచుమంటే మొన చెడిందనీ తెలుసుకున్నాను. ఆయన నేర్పుతున్నానని ఏనాడూ అనలేదు, నేర్చుకుంటున్నానని నేనూ అనలేదు. జనం లేనప్పుడు బ్లాకులంటారే, సిలిండర్లుండే ఇనప దిమ్మెలు, అలాంటి పాతవాటి మీద నా చేత కోయించేవారు, ఎవరైనా సందు మలుపు తిరిగిన అలికిడి కాగానే నేను చెంగు సవరించుకుని లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఆయన చూపు తగ్గిందన్న మాట బయటకు పొక్కితే ఆ షెడ్డు గడప తొక్కేవాడు ఉండడని ఇద్దరికీ తెలుసు. ఆ భయం మా ఇద్దరి మధ్యా ఉమ్మడి ఆస్తిలాగా ఉండేది.

మామగారికి ఒక పట్టుదల ఉండేది. ఎంత తొందరపెట్టినా సరే, కొత్త పిస్టన్లు వచ్చిన రోజున బోరు కోసేవారు కాదు. అవి బ్లాకు పక్కన ఒక రాత్రి ఉండాల్సిందే. కొత్త అల్లుడు అత్తవారింట నిద్ర చేసినట్టు, పిస్టన్ కూడా బ్లాకు పక్కన ఒక నిద్ర చేస్తేనే కాపురం కుదురుతుందని నవ్వేవారు. సంగతేమిటంటే, పిస్టన్‌ది వేడికి ఇనుము కంటే ఎక్కువ ఉబ్బే లోహం. బెజవాడ ఎండలో తిరిగి వచ్చిన పిస్టన్‌ను వచ్చీరాగానే కొలిస్తే ఉన్నదానికంటే పెద్దదిగా కనబడుతుంది. ఆ కొలతకు కోశామా, చల్లబడ్డాక పిస్టన్ వదులై కొట్టుకుంటుంది. చుట్టుపక్కల షెడ్లవాళ్ళు ముసలాయన చాదస్తమని నవ్వుకున్నా, ఆయన కోసిన బోరు తిరిగి వచ్చిందని నేను వినలేదు.

ఆ చాదస్తాన్ని ఆయన తప్పిన రోజు ఒకటి వచ్చింది. రోహిణి కార్తె. మిట్టమధ్యాహ్నం బందరు అవతలి నుంచి ఒక పడవ యజమానీ, ఆయన భార్యా రిక్షాలో బ్లాకు వేసుకుని దిగారు. పిస్టన్లు గోనెసంచిలో కట్టి పొద్దుటి నుంచీ బస్సు టాపు మీద ఎండబెట్టుకొచ్చారు. ఇంజన్ చెడి పడవ ఒడ్డునే పడి ఉందనీ, మర్నాటికి ఇంజన్ రాకపోతే పడవ మీద పనిచేసే కళాసీలు వేరే పడవ ఎక్కేస్తామని తెగేసి చెప్పారనీ, మనుషులు పోతే ఆ ఏడు చేపల వేట పోయినట్టేననీ ఆయన గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాడు. పైగా ఆ బ్లాకు అప్పటికే ఎన్నోసార్లు కోయించుకుని గోడలు పలచబడిపోయింది. మామగారు వేలితో తట్టి విని, ఇది ఆఖరి కోత, దీని తరవాత దీనికి సరిపడేంత పెద్ద పిస్టన్ దొరకదు అన్నారు. నిద్ర సంగతి కూడా చెప్పారు.

"నిద్దరలూ గిద్దరలూ మాకు కుదరవండి. తవరు కాదంటే ఇంకో షెడ్డు చూసుకుంటాం" అన్నాడాయన.

ఇంకో షెడ్డు అన్న మాట దగ్గర మామగారు తగ్గిపోయారు. ముసలాయన చేతులు ఆడటం లేదట, అందుకే వాయిదాలు వేస్తున్నాడట అని నలుగురూ అనుకుంటారన్న బెంగ అప్పటికే ఆయన్ను తినేస్తోంది. సరే కానివ్వండి అన్నారు. నాకు దాహం కబురు వచ్చింది. వెళ్ళి, తుడుస్తున్నట్టు నటిస్తూ, చెయ్యి చురుక్కుమనేంత వేడిగా ఉన్న ఆ పిస్టన్లను కొలిచి అంకె చెప్పాను. అది వేడి కొలతని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ వేడికి ఇంత అని మనసులో తీసేసుకుని ఆయన లెక్క కట్టుకున్నారు. కొలతకు కాస్త తక్కువగా మొదటి కోతలు అయ్యేసరికి పొద్దు వాలింది. ఇక మిగిలింది సరిగ్గా కొలతకు తెచ్చే చివరి వరస ఒక్కటే.

ఈలోగా నేను ఆ పిస్టన్లను కాళ్ళకు అడ్డం రాకుండా లోపల మంచినీళ్ళ కుండల దగ్గర, చల్లటి గచ్చు మీద పెట్టాను. ఎందుకో మనసు ఊరుకోక, అత్తగారు పెరట్లో ఉండటం చూసి, తుడవడానికని లోపలికి తెచ్చిన మైక్రోమీటర్ పెట్టి మళ్ళీ కొలిచాను. మామగారు తీసేసిన దానికంటే ఇంకా తగ్గింది. నా కన్నే పొరబడిందనుకుని చేతులు తుడుచుకుని మళ్ళీ కొలిచాను, తేడా అలాగే ఉంది. తల వెంట్రుకలో సగం మందం కూడా ఉండదు, కానీ ఆ తేడాతో కోస్తే ఆ ఇంజన్ కొన్నాళ్ళు నడిచి, నూనె తాగి, ఏ నడిసముద్రంలోనో చేతులెత్తేస్తుంది. బ్లాకుకు ఇంకో కోత లేదు. కోసింది మళ్ళీ అతకదు.

మజ్జిగ గ్లాసుతో గుమ్మంలోకి వెళ్ళాను. మామగారు తల తిప్పకుండా వద్దన్నట్టు చెయ్యి ఊపారు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మిషన్‌కు చెరోపక్కా నిలబడి ఉన్నారు, వాళ్ళ మధ్యలోకి వెళ్ళి పెదవి కదలకుండా చెప్పే వీలే లేదు. ఆయన టూలు బిగించి స్విచ్చి వేశారు. పరాయి మగవాళ్ళ ముందు కోడలు గొంతెత్తే ఇల్లు కాదు మాది, అది సరే. నోరు తెరిచానంటే ఇన్నాళ్ళు దాచిన ఆయన పరువు నా చేతుల మీదుగా నడివీధిన పడుతుంది. తెరవకపోతే ఎదురుగా ఉన్న ఆ మనుషుల బతుకు పోతుంది. టూలు దిగుతోంది.

"మావయ్యగారూ, ఆపండి. పిస్టను ఇంకా తగ్గింది" అన్నాను.

ఆయన ఆపారు. మోటారు తిరుగుడు మెల్లగా చచ్చింది. ఆ తరవాత పడవ యజమాని నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి, "కొలిచింది తవరు గదండీ, అమ్మాయిగారికేం తెలుసు?" అన్నాడు. మామగారు కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. ఏదో ఒకటి చెప్పి దాటేస్తారనే అనుకున్నాను, దాటేయాలని దేవుడికి మొక్కుకున్నాను కూడా.

"నాకు గీతలు కనపడటం మానేసి చాన్నాళ్ళయిందండి. చూసేది మా కోడలే" అన్నారు.

ఆ మనిషి కోపం చెప్పనలవి కాదు. కళ్ళు లేనివాడి చేతిలో నా పడవ పెట్టానా అంటూ అప్పటికప్పుడే బ్లాకు విప్పించబోయాడు. ఆయన భార్య మాత్రం నా దగ్గరికి వచ్చి, చేపల బుట్ట మోసి మోసి కాయలు కాసిన చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

"నీకు కనపడుద్దా అమ్మా?"

"కనపడుద్దండి."

"మరింకేంటయ్యా గొడవ" అని మొగుడి వైపు తిరిగి, "కళాసీలకి నేను చెప్పుకుంటాలే, ఒక్క పూటకి వాళ్ళెక్కడికీ పోరు" అంది. వాళ్ళిద్దరూ ఆ రాత్రి మా వసారాలోనే పడుకున్నారు, పిస్టన్లు బ్లాకు పక్కన పడుకున్నాయి. మా వారు ఈ గొడవంతా విని, పరువు పోయిందని అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నారు.

తెల్లవారుతూండగానే మామగారు నన్ను పిలిచి మిషన్ ముందు నిలబెట్టి, తాను బ్లాకు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నారు. కొలిచింది నేనే, టూలు పెట్టింది నేనే, దించింది నేనే. నాలుగు బోర్లూ ఒకదాని తరవాత ఒకటి కోశాను. ఆయన పెదవి విప్పి ఒక్క మాట చెప్పలేదు, చెప్పాల్సి రాలేదు. రాయి పట్టి నునుపు చేసి, శుభ్రంగా తుడిచి, నూనె రాసిన పిస్టన్‌ను బోరులో వదిలితే అది తన బరువుకు తానే, మెల్లగా, ఎక్కడా ఆగకుండా దిగింది. ఆ దిగడం చూసి నేను ఏడ్చేశాను. పెళ్ళిలో కూడా అంత ఏడవలేదు.

ఆ పడవ బాగానే తిరిగిందని, తరవాతి నెలలో ఆవిడ స్వయంగా మోసుకొచ్చిన పండుగప్ప చేపే చెప్పింది. కబురు మాత్రం ఊరంతా పాకింది. ఆడమనిషి చేత బోర్లా అని కొందరు రావడం మానేశారు, ఆ వింత చూడటానికే కొందరు వచ్చారు, వచ్చినవాళ్ళలో కొందరు నిలిచారు. రెండేళ్ళపాటు ఆ షెడ్డులో బోర్లన్నీ నేనే కోశాను. అంత భయంగానూ, అంత సంతోషంగానూ నేను మళ్ళీ ఎప్పుడూ బతకలేదు.

తరవాత మామగారికి కంటి ఆపరేషన్ చేయించాం. కట్టు విప్పి, సీసా అడుగుల్లాంటి అద్దాలు పెట్టాక ఆయన ముందు అత్తగారి ముఖం చూసి నవ్వారు, ఇంటికి రాగానే మైక్రోమీటర్ తీసుకుని వెలుతురుకు పట్టి అంకె పైకి చదివారు. అందరం సంతోషించాం. నేను పాయసం వండాను. మర్నాడు ఆయన ఎప్పటిలాగే షెడ్డులోకి వెళ్ళారు, నేను ఎప్పటిలాగే వంటింట్లోకి వెళ్ళాను. ఇక రావద్దని నన్ను ఎవరూ అనలేదు, వస్తానని నేనూ అడగలేదు. ఆయన మంచివారే, అడిగితే కాదనేవారు కాదేమో. అడగాలన్న ఊహే ఆ రోజుల్లో మాకు రాలేదు.

ఇప్పుడు బోర్లు కోయించుకునేవాళ్ళు తగ్గిపోయారు, పిస్టన్లకు నిద్ర చేయించే ఓపిక ఎవరికీ లేదు. దానికి నాకు కాస్త దిగులే. కానీ ఈనాటి ఆడపిల్లలు మిషన్ల ముందు నిలబడి పని చేయడం చూస్తున్నప్పుడు నాకు తోచేది ఇంకొకటి. వీళ్ళు అక్కడ నిలబడటానికి ఇంట్లో ఎవరి కళ్ళూ పోనక్కర్లేదు.